కార్సైరా పెంపకంలో నల్లుల సమస్య: గుర్తింపు, యాజమాన్యం

జీవ నియంత్రణ ప్రయోగశాలలో ట్రైకోగ్రామా గుడ్డు పరాన్నజీవిని ఉత్పత్తి చేయడానికి కార్సైరా సెఫలోనికా అనే బియ్యపు రెక్కల పురుగును ఆతిథేయిగా పెంచుతారన్నది విద్యార్థులందరికీ తెలిసిన విషయమే. వరిలో కాండం తొలుచు పురుగు, చెరకులో పీక పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకో కార్డులన్నీ ఈ పురుగు గుడ్ల మీద తయారయ్యేవే. 1 సి.సి. కార్సైరా గుడ్లలో సుమారు 16,000 నుండి 18,000 గుడ్లు ఉంటాయి. ఎకరానికి 20,000 బదనికల చొప్పున ఒక్కసారి విడుదల చేయాలన్నా 1 సి.సి.కి మించి గుడ్లు కావాలి. అందువల్ల పొలంలో జీవ నియంత్రణ ఫలితం చాలావరకు చీకటి గదిలో సజ్జ నూకల మధ్య పెరిగే లార్వాల ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. ఆ లార్వాలకు వర్షాకాలంలో ప్రధాన శత్రువు అర మిల్లీమీటరు కూడా లేని నల్లి.

నా విభాగం సస్యశాస్త్రం, కీటకశాస్త్రం కాదు. ఈ సమస్య నా దృష్టికి వచ్చింది ఒక ఖరీఫ్ వరి ప్రయోగం చెడిపోయినప్పుడు. మొదటి విడుదలకు కార్డులు సకాలంలో అందాయి. రెండవ విడుదలకు సగం అందాయి, మూడవ విడుదలకు అసలే అందలేదు. పరాన్నజీవుల మడిని ఆ సంవత్సరం లెక్క నుండి తొలగించవలసి వచ్చింది. కారణం తెలుసుకోవడానికి కార్డులు పంపిన ప్రయోగశాలకు వెళ్లగా, అక్కడ పనిచేసే ఇద్దరు మహిళలు మూడు వారాలుగా చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లతో, దురదతో బాధపడుతున్నారని తెలిసింది. అందరూ దానిని చెమటకాయలుగానే భావించారు. నిజానికి ఆ దురదే మొదటి హెచ్చరిక. దానిని వినిపించుకున్నవారు లేరు.

నల్లులన్నీ ఒకటి కావు

పెంపకపు ట్రేలలో కనిపించే నల్లులను వాటి ఆహారాన్ని బట్టి మూడు రకాలుగా అర్థం చేసుకోవాలి. వీటిని వేరుచేయకుండా చికిత్సకు పూనుకోవడం వల్లనే శ్రమ వృథా అవుతున్నది.

మొదటి రకం ధాన్యాన్ని, బూజును తినేవి: అకారస్ సైరో, టైరోఫాగస్ పుట్రెసెన్షియే మొదలైనవి. ఇవి లార్వాలను నేరుగా చంపవు. నూకను, ముఖ్యంగా మొలక భాగాన్ని తిని, తేమను, బూజును పెంచి మేతను పాడుచేస్తాయి. అకారస్ ఎక్కువగా ఉన్న మేతను నలిపితే పుదీనా వంటి వాసన వస్తుంది. ట్రే అంచున గోధుమ రంగు పొడి పేరుకొని ఉంటే, చిటికెడు తీసి నల్ల కాగితం మీద పలుచగా పరచి, కొద్ది నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి. పొడి తనంతట తాను కదిలితే అది పొడి కాదు.

రెండవ రకం పైమోటిస్ ట్రిటికీ. నష్టం దృష్ట్యా దీనికే మొదటి స్థానం ఇవ్వాలి. కంటికి ఆనని ఆడ నల్లి లార్వాకు విషాన్ని ఎక్కించి, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన పురుగును కదలలేకుండా చేస్తుంది. తరువాత దాని శరీరం మీదనే స్థిరపడి రసం పీలుస్తూ, పొట్ట ఉబ్బి, చిన్న పసుపు ముత్యంలా తయారవుతుంది. సంతానం తల్లి పొట్టలోనే పూర్తిగా ఎదిగి, గుడ్డు, పిల్ల దశలు బయట గడపకుండా ప్రౌఢ నల్లులుగానే వెలువడుతుంది. ఒక్కొక్క తల్లి నుండి రెండు వందలకు పైగా రావచ్చు. మగవి తల్లి శరీరం వద్దనే ఉండి, వెలువడే ఆడవాటితో అక్కడే జత కడతాయి. అనుకూల ఉష్ణోగ్రతలో ఈ చక్రం పది రోజుల లోపే ముగుస్తుంది. కార్సైరా తల్లిపురుగు బయటకు రావడానికి 40 నుండి 45 రోజులు పడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ట్రేలో ప్రవేశించిన నల్లి గది అంతటికీ ఎలా వ్యాపిస్తుందో విడమరచి చెప్పనవసరం లేదు. మనుషుల చర్మం మీద దద్దుర్లకు కారణం కూడా ఇదే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. బ్రాకాన్ హెబిటార్ అనే పరాన్నజీవి కూడా కార్సైరా లార్వాలను కుట్టి చచ్చుబడేటట్లు చేస్తుంది. చచ్చుబడిన లార్వాల పక్కన తెల్లని చిన్న పట్టుగూళ్లు ఉంటే బ్రాకాన్. గూళ్లు లేకుండా శరీరానికి పసుపు పూసలు అంటుకొని ఉంటే పైమోటిస్. బ్రాకాన్‌ను అరికట్టడానికి కిటికీలకు సన్నని వల, ట్రేలకు బిగుతైన గుడ్డ చాలు. ఆ వల పైమోటిస్‌ను ఏమీ చేయదు.

మూడవ రకం బ్లాటిసోసియస్ టార్సాలిస్. ఇది గుడ్లను తినే పరభక్షి, తల్లిపురుగుల శరీరాన్ని పట్టుకొని ఒక పంజరం నుండి మరొక పంజరానికి చేరుతుంది. గిడ్డంగిలో ఇది మనకు మిత్రుడు. గుడ్లే ఉత్పత్తిగా ఉన్న గదిలో శత్రువు. సేకరించిన గుడ్లలో ముడుచుకుపోయిన ఖాళీ పెంకులు ఎక్కువగా కనిపిస్తే, సూక్ష్మదర్శిని కింద వేగంగా పరుగెత్తే లేత గోధుమ రంగు నల్లుల కోసం వెదకాలి.

ఎక్కడి నుండి వస్తున్నాయి?

ప్రధానంగా ధాన్యంతోనే. 2.5 కిలోల నలగ్గొట్టిన సజ్జలు, 100 గ్రాముల వేరుశనగ పప్పు పొడి, 5 గ్రాముల ఈస్ట్, 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, 0.5 సి.సి. గుడ్లు చల్లడం ఒక ట్రేకు వాడుకలో ఉన్న మోతాదు. గుడ్లు చల్లే ముందు నూకను 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేయాలి. నేను చూసిన ప్రయోగశాలలో ఈ పని నియమం తప్పకుండా చేస్తున్నారు. అయితే వేడి నూకను చల్లార్చడానికి పరిచిన గచ్చు, పాత ట్రేలను దులిపే గచ్చు ఒక్కటే. హాట్ ఎయిర్ ఓవెన్ చేసిన మేలంతా అక్కడ పోతున్నది.

గంధకం గురించి ఒక మాట. ఇది ముందు జాగ్రత్త మాత్రమే. నూకలో సమంగా కలిస్తే నల్లుల స్థిరపడటాన్ని అడ్డుకుంటుంది. నల్లులు కనిపించిన తరువాత ట్రే పైన చల్లే గంధకం లోపలి గూళ్లలో ఉన్న లార్వాలను కాపాడలేదు. పాత కరదీపికలలో అరలను డైకోఫాల్ ద్రావణంతో తుడవమని ఉంటుంది. 2023లో కేంద్ర ప్రభుత్వం డైకోఫాల్‌ను నిషేధించింది కనుక ఆ వాక్యాన్ని కొట్టివేయాలి. మరొక నల్లిమందును దాని స్థానంలో వెదకడం కూడా నాకు సమ్మతం కాదు. రెక్కల పురుగు, బదనిక పెరిగే గదిలో మందు అవశేషం మిగలడం ఎవరికీ లాభం కాదు.

తేమ మీద అదుపు ఉంటే మొదటి రకం నల్లులతో పేచీ దాదాపు తీరుతుంది. వీటికి నీరు గాలిలోని తేమ నుండే అందాలి. గాలిలో తేమ 60 శాతానికి దగ్గరగా నిలిపితే వీటి వృద్ధి కుంటుపడుతుంది. 75 శాతం దాటితే విజృంభిస్తాయి. అయితే చాలా గదులలోని తేమమాపకాలు నమ్మదగినవి కావు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉప్పును ముద్దగా తడిపి, దాని పక్కన మాపకాన్ని ఒక రోజు ఉంచితే 75 శాతం చూపాలి. ఎంత తేడా చూపితే అంత సరిదిద్దుకోవాలి. పైమోటిస్‌కు ఆతిథేయి రసమే ఆధారం కనుక, గది ఆరబెట్టినంత మాత్రాన అది తొలగదు. దానికి వేరుచేయడమే మార్గం.

పని వరుస

మనిషి చేతులు, దుస్తులే నల్లులకు వాహనాలు. అందువల్ల రోజువారీ పని గుడ్ల గదిలో మొదలై, కొత్త ట్రేల మీదుగా సాగి, తల్లిపురుగుల సేకరణతో ముగియాలి; ఈ వరుస తిరగబడకూడదు. పొలుసుల వల్ల శ్వాస ఇబ్బందులు వస్తాయి కనుక సేకరణలో ముఖానికి మాస్కు తప్పనిసరి. అరల కాళ్లను నూనె కలిపిన నీటి గిన్నెలలో ఉంచాలి. తిరిగి పెంపకానికి వాడే గుడ్లను శుభ్రమైన ట్రేల నుండి మాత్రమే తీసుకొని, జల్లించి, సూక్ష్మదర్శిని కింద చూసిన తరువాతే చల్లాలి. 90 రోజులు దాటిన ట్రేలను, రోజుకు నాలుగు పురుగులు వస్తున్నాయి కదా అని, ఉంచుకోరాదు. ఆ నాలుగు పురుగుల ఆశే గదికి చేటు తెస్తుంది.

పైమోటిస్ కనిపించిన ట్రేను అక్కడే తెరచి చూడకూడదు. ఉన్నచోటనే పాలిథీన్ సంచిలో మూతి బిగించి బయటకు తీసుకుపోయి, మేతను కాల్చివేయాలి లేదా మరిగే నీటిలో ముంచాలి. ఆ అరలో పక్కన ఉన్న ట్రేలను కూడా అనుమానించి విడిగా ఉంచాలి. నాలుగైదు ట్రేలకు మించి సోకితే గది మొత్తం ఖాళీ చేసి, వేడి నీటితో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వేరే చోటి నుండి తెచ్చిన గుడ్లతో మళ్లీ మొదలుపెట్టడమే మేలు. ఈ నిర్ణయం తీసుకోవడానికి ఏ అధికారికీ మనసు రాదు, ఎందుకంటే మళ్లీ తల్లిపురుగులు రావడానికి నెలన్నర పడుతుంది. ఆగస్టులో వరికి కార్డులు కావాలంటే ఈ పని జూన్ నాటికే ముగిసి ఉండాలి. కనుక వానలకు ముందే, మే నెలలో, ప్రతి ట్రే అంచును భూతద్దంతో ఒకసారి చూడటం విస్తరణ కేంద్రాల పనుల పట్టికలో చేర్చాలి.