గాలిలో కాంతి దారి – ఎక్కడ మేలు, ఎక్కడ కాదు



ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం సలహా అడిగితే నేను ఈ ప్రశ్న ఇస్తుంటాను. రోడ్డుకు ఒక వైపు కాలేజీ, మరో వైపు హాస్టల్ ఉన్నాయి. కాలేజీలో ఇంటర్నెట్ ఉంది, హాస్టల్లో లేదు. రోడ్డు తవ్వి కేబుల్ వేయడానికి అనుమతి రాదు. ఏం చేయాలి?

ఒక మార్గం రేడియో పరికరం. రెండోది కాంతి. ఒక మేడ మీది నుంచి కంటికి కనిపించని లేజర్ కిరణాన్ని ఎదుటి మేడ మీది పరికరానికి గురిపెట్టి సమాచారం పంపవచ్చు. ఆప్టికల్ ఫైబర్‌లో జరిగే పనే ఇక్కడ గాజు తీగ లేకుండా జరుగుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1880లోనే గ్రాహంబెల్, టెయింటర్ కలిసి సూర్యకాంతి సాయంతో మాటను 213 మీటర్ల దూరం పంపారు.

కాంతితో సెకనుకు గిగాబిట్ల వేగం వస్తుంది. చుట్టుపక్కల వై-ఫైల రద్దీ దీనికి అడ్డు రాదు. అయితే కిరణం చాలా సన్నం కనుక స్తంభం కొంచెం కదిలినా గురి తప్పుతుంది. అసలు శత్రువు మాత్రం పొగమంచు. దాని బిందువులు కాంతిని నలుదిక్కులా చెదరగొడతాయి. దట్టమైన పొగమంచులో కిలోమీటరుకు 100 డెసిబెల్స్ వరకు నష్టం ఉండవచ్చు. అంటే కిలోమీటరు దూరంలో చేరేది వెయ్యి కోట్లలో ఒక వంతు కాంతి. అదే పొగమంచులో 200 మీటర్ల దూరానికి నూటిలో ఒక వంతు చేరుతుంది. మంచి పరికరానికి అది చాలు. కనుక మొదట కొలవవలసింది దూరం.

2021లో ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ ఉన్న బ్రాజవిల్, కిన్షాసా నగరాలను తారా ప్రాజెక్టు వారు దాదాపు 5 కిలోమీటర్ల కాంతి లింకుతో కలిపారు. నదిని చుట్టి ఫైబర్ వేయాలంటే 400 కిలోమీటర్లకు పైగా దూరం. 20 రోజుల్లో సుమారు 700 టెరాబైట్ల సమాచారం వెళ్లిందనీ, లింకు 99.9 శాతం సమయం పనిచేసిందనీ వారు తెలిపారు.

ఇక్కడ శాతాల సంగతి గమనించండి. పరీక్షలో 99 అంటే గొప్పే. లింకుకు 99 శాతం అంటే ఏడాదిలో 87 గంటలకు పైగా ఆగిపోవడం. 99.9 అయితే సుమారు తొమ్మిది గంటలు. పైగా ఆ గంటలు ఏడాదంతా సమానంగా రావు, చలికాలం ఉదయాల్లో వరుసగా వస్తాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ఆ రోజే అయితే హాస్టల్ విద్యార్థి నష్టపోతాడు.

కాబట్టి నా సలహా ఇది. కొన్ని వందల మీటర్ల లోపు కాంతిని నమ్మవచ్చు. తోడుగా 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒకటి ఉంచాలి, దాన్ని పొగమంచు ఆపలేదు. పొగమంచు కురిసే ఊళ్లో కిలోమీటరు దాటితే రేడియోనే ప్రధానంగా పెట్టుకోవాలి.

పరికరం కొనే ముందు "వేగం ఎంత?" అని అందరూ అడుగుతారు. "ఏ రోజున ఆగిపోతుంది?" అని అడగడం మన పిల్లలు నేర్చుకోవాలని కోరుకుంటున్నాను.