పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: న్యాయమైన ధరను నిర్ణయించటం ఎలా?

వస్తువు ధర న్యాయమైనదా కాదా అనే ప్రశ్న క్రయవిక్రయాలంత పాతది. బియ్యం, బట్ట, ఇనుము వంటి వస్తువుల విషయంలో దీనికి సమాధానం చెప్పటం కష్టం కాదు. ఒకే రకం సరుకును ఒకే బజారులో పదిమంది అమ్ముతూ వుంటారు. పదిమంది చెప్పే ధర దాదాపు ఒకటిగానే వుంటుంది. వాడుకలో నలిగిన యంత్రానికి ఈ కొలత సరిపోదు. ఒకే సంవత్సరంలో, ఒకే కర్మాగారంలో తయారైన రెండు జీపులు పదేళ్ళ తరువాత రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి తారురోడ్డు మీదనే తిరిగి వుంటుంది. మరొకటి వాగుల్లో దిగి, బురదలో కూరుకొని, బరువులు లాగి వుంటుంది. పైన వేసిన రంగు మాత్రం రెండింటి మీదా ఒకే విధంగా మెరుస్తూ వుండవచ్చు.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్ల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వంటి మన్యప్రాంతాలలో వీటిని కొనేవారిలో చాలామందికి అది విలాసం కాదు, జీవనాధారం. కూడబెట్టినదంతా పెట్టి, చాలక అప్పుచేసి కొన్న బండి మొదటి వానాకాలంలోనే వాగు మధ్య ఆగిపోతే, ఆ కుటుంబానికి ధరతోపాటు ఆ యేటి సంపాదన కూడా పోతుంది. కనుక అటువంటి బండికి అడుగుతున్న ధర తగినదా కాదా అని తేల్చుకొనే పద్ధతిని ఇక్కడ క్రమంగా పరిశీలిద్దాము.

ధరను గురించి న్యాయశాస్త్రం

మన దేశంలో 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, ధర ముందుగా నిర్ణయం కానప్పుడు కొనుగోలుదారు 'సమంజసమైన ధర' చెల్లించాలని 9వ సెక్షనులో చెపుతున్నది. ఏది సమంజసమన్నది ఆయా సందర్భంలోని వాస్తవాలనుబట్టి తేలవలసిన విషయమని కూడా అదే సెక్షను అంటుంది. అయితే ధర ఒకసారి ఒప్పుకొన్న తరువాత చట్టం ఆదుకొనేది తక్కువ. వ్యాపారి కాని వ్యక్తి అమ్మిన పాత వస్తువు నాణ్యతకు సాధారణంగా హామీ వుండదు. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం, చెప్పవలసిన బాధ్యత ప్రత్యేకంగా లేనప్పుడు కేవలం మౌనం మోసం కాదు. అంటే, చూచుకోవలసిన భారం చాలావరకు కొనేవానిదే.

ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని మరొక వైపునుండి చూచారు. సాటి వస్తువుకు వచ్చే ధరను వారు 'సమన్ అల్ మిస్ల్' అన్నారు. ఇబ్న్ తైమియ్యా (1263–1328) బజారు పర్యవేక్షణపై రచించిన 'అల్ హిస్బా'లో దీనిని చర్చించాడు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869–1876 మధ్య వెలువడిన 'మజల్లా' అనే న్యాయసంహిత మరొక అడుగు ముందుకు వేసి, ధరలో ఎంత తేడా వస్తే దానిని 'ఘబ్న్ ఫాహిష్', అనగా తీవ్రమైన నష్టం, అనవచ్చునో అంకెలలో చెప్పింది: సామాన్య సరుకులలో ఇరవయ్యో వంతు, పశువులలో పదో వంతు, స్థిరాస్తిలో అయిదో వంతు. తరచుగా చేతులు మారే సరుకు ధర అందరికీ తెలుసు. పశువు విషయంలో దాని వయసు, ఆరోగ్యం, చాకిరీ చూచి గాని విలువ కట్టలేము. అందువల్ల అక్కడ ఎక్కువ తేడాను సహించారు. అయితే కేవలం నష్టం జరిగినంత మాత్రాన బేరం రద్దు కాదు; దానికి వంచన కూడా తోడు కావాలని ఆ సంహిత నియమం.

ఈ వర్గీకరణలో పాత జీపు ఎక్కడ నిలుస్తుంది? రూపంలో అది సరుకే అయినా, స్వభావంలో పశువుకు దగ్గర. ప్రతి బండికీ దాని చరిత్ర దానికే వుంటుంది, ఆ చరిత్ర అమ్మేవానికే తెలుసు. ఈ అసమానత ఫలితాన్ని ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకొని వివరించాడు. మంచి బండిని, చెడ్డ బండిని వేరుచేయలేని కొనుగోలుదారు రెండింటికీ మధ్యస్థమైన ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు. క్రమంగా బజారులో చెడ్డవే మిగులుతాయి. ఈ రంగంలో చేసిన కృషికి ఆయనకు 2001లో నోబెల్ బహుమతి లభించింది. దీనినుండి మనం గ్రహించవలసినది ఒకటున్నది: తెలియనితనం తగ్గినకొద్దీ ధర న్యాయానికి దగ్గరవుతుంది. కనుక బేరమాడటానికి ముందు తెలుసుకోవటం అవసరం.

పోల్చదగిన బండి ఏది?

చాలామంది బీమా పత్రంలోని విలువతో మొదలుపెడతారు. మోటారు బీమా టారిఫ్ ప్రకారం కొత్త బండి ధరలో మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, అయిదేళ్ళలోపు 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్ళు దాటినా, ఆ మోడలు తయారీ ఆగిపోయినా, విలువను ఇరుపక్షాలూ మాట్లాడుకోవలసిందే. ఈ పట్టిక బీమాకు పనికివచ్చినంతగా బజారుకు పనికిరాదు. మారుతీ జిప్సీనే చూడండి. 1985లో 970 సి.సి. ఇంజనుతో వచ్చి, 1996లో 1.3 లీటరు ఇంజనుకు మారి, 2019 నాటికి సాధారణ కొనుగోలుదార్లకు అందకుండా పోయింది. కొత్తది దొరకదు గనుక పాతదాని ధర వయసుతోపాటు క్రమంగా పడిపోదు. ఒక్కొక్కచోట పట్టిక చెప్పేదానికి రెట్టింపు కూడా అడుగుతారు. కావలసిన వారు ఎక్కువై, బండ్లు తక్కువైనప్పుడు ధర పెరగటం అన్యాయం కాదు. అయితే ఆ ధర బాగున్న జిప్సీకి చెల్లుతుంది గాని, జిప్సీ అన్న పేరుకు చెల్లదు.

సాటి బండిని ఎన్నుకోవటంలో మరొక జాగ్రత్త అవసరం. మహీంద్రా థార్ 2010–2020 మధ్య వచ్చిన రూపంలో డి.ఐ. ఇంజను రకం రెండు చక్రాల డ్రైవ్‌తోనూ, నాలుగు చక్రాల డ్రైవ్‌తోనూ దొరికేది. 2020లో వచ్చిన కొత్త థార్‌కు 2023 జనవరిలో రెండు చక్రాల డ్రైవ్ రకాన్ని చేర్చారు. దానిలో పెట్రోలు ఇంజను రెండు రకాలకూ ఒకటే. డీజిలులో మాత్రం నాలుగు చక్రాల దానికి 2.2 లీటర్లు, రెండు చక్రాల దానికి 1.5 లీటర్ల ఇంజను. పేరు ఒకటైనంత మాత్రాన ధర పోల్చరాదన్నమాట. ఒకే ఇంజను గల రెండు రకాల ధరల మధ్య వున్న తేడాయే నాలుగు చక్రాల సౌకర్యానికి బజారు ఇస్తున్న విలువ. ఆ సౌకర్యం పనిచేయకపోతే ఆ తేడా చెల్లించవలసిన పని లేదు. పైగా చెడిన గేర్లను బండి అదనపు బరువుగా మోస్తూ వుంటుంది.

పోల్చేటప్పుడు అడిగిన ధరలను గాక, బేరం తెగిన ధరలను సేకరించాలి. ఈమధ్య కొన్నవారిని, అమ్మినవారిని, మెకానిక్ షెడ్డువారిని విడివిడిగా అడిగితే కనీసం మూడు నాలుగు అంకెలు దొరుకుతాయి.

నాలుగు చక్రాల పరీక్ష

ఈ తరహా బండ్లలో ఎక్కువ భాగం మామూలుగా వెనుక చక్రాలతోనే నడుస్తాయి. అవసరమైనప్పుడు చిన్న లివరు వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ద్వారా ముందు చక్రాలకు కూడా బలం వెళుతుంది. అప్పుడు ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరగవలసి వస్తుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారలేదు గనుక ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. అందువల్ల ఈ పరీక్షను ఎన్నడూ పొడి తారురోడ్డు మీద చేయరాదు.

వదులు నేల మీద హై రేంజిలో నాలుగు చక్రాలు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపాలి. స్టీరింగు బిగిసినట్లు, బండి వెనక్కు పట్టినట్లు తెలియాలి. రెండు చక్రాల మీద నడిచినంత తేలికగా తిరిగితే ముందు చక్రాలకు బలం అందటం లేదని అనుమానించాలి. తరువాత బండిని పూర్తిగా ఆపి లో రేంజి వేసి, చిన్న ఎత్తు ఎక్కించాలి. బరువు పడినప్పుడు లివరు దానంతటది జారి బయటకు వస్తే లోపల గేర్లు అరిగినట్లే. ముందుకు, వెనక్కు మార్చినప్పుడు కింద 'టక్' మని చప్పుడు వస్తే యూనివర్సల్ జాయింటులో ఆట వుందన్నమాట. ఇది చిన్న ఖర్చే. ట్రాన్స్‌ఫర్ కేసు నూనె పాలు కలిపిన కాఫీ రంగులో వుంటే నీరు చేరినట్లు. బండి లోతు నీటిలో దిగిందనటానికి ఇంతకంటె మంచి సాక్షి లేదు.

నాలుగు టైర్లూ ఒకే కొలతలో వున్నవో లేదో చూడాలి. చుట్టుకొలతలు వేరైతే తిన్నగా పోయేటప్పుడు కూడా గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. కంపెనీ కొలతకంటె పెద్ద టైర్లు వేసివుంటే మీటరు నిజమైన దూరంకంటె తక్కువ చూపుతుంది. అసలు ఈ బండ్లకు కిలోమీటర్ల లెక్క చాలదు. లో రేంజిలో బురద దున్నిన వెయ్యి కిలోమీటర్లు రోడ్డు మీది పదివేలకంటె భారం కావచ్చు.

ఛాసిస్, కాగితాలు

ఇంజనును విప్పి కట్టవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్‌ను బాగుచేయటం దాదాపు కొత్త బండి కట్టినంత పని. కమాన్లు బిగించే చోట, అడ్డ కమ్మీల అతుకుల వద్ద చిన్న సుత్తితో తట్టి చూడాలి. కంగుమనవలసిన చోట బొద్దుగా మోగితే లోపల తుప్పు వున్నట్లు. సముద్రతీరంలో తిరిగిన బండికి ఇది మరీ ముఖ్యం. అడుగున కొత్తగా పూసిన నల్లరంగును చూసి సంతోషించటంకంటె సందేహించటం మంచిది.

కాగితాలకు కూడా ధర వున్నది. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ జరిగితేనే పొడిగిస్తారు. ఫైనాన్సు బాకీ ఆర్.సి.లో నమోదై వుంటే, 35వ నంబరు ఫారంతో దానిని తొలగించనిదే పేరు మార్పు చిక్కవుతుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చటాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్థిరపరచింది. రెండు చక్రాల జీపుకు పాత సామాను బిగించి నాలుగు చక్రాలదిగా అమ్మే చోట ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత అక్కడి బండ్లు ఇతర రాష్ట్రాలకు చౌకగా రావటం మొదలైంది. ఆ చౌకలో కొంత భాగం నిరభ్యంతర పత్రానికి, ఇక్కడి లైఫ్ టాక్సుకు, కొత్త నంబరుకు పోతుంది. వాటిని కలిపితేనే అసలు ధర తెలుస్తుంది.

లెక్క వేసే విధానం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాము. అడిగిన ధర 6,50,000 రూపాయలు. అదే సంవత్సరపు, అదే రకపు, బాగున్న బండ్లకు బేరం తెగిన సగటు ధర 6,20,000. మన ముందున్న బండికి క్లచ్చి 18,000, ట్రాన్స్‌ఫర్ కేసు పని 25,000, కాగితాలు 12,000 అవసరం. టైర్లు పూర్తిగా అరిగాయి; కొత్తవి 40,000. అయితే సాటి బండ్ల టైర్లు కూడా సగం అరిగినవే గనుక ఇక్కడ సగమే, అంటే 20,000 తగ్గించాలి. మొత్తం తీసివేత 75,000, మిగిలేది 5,45,000. ఇది నిపుణుని అంచనాయే గాని దైవవాక్కు కాదు. మజల్లా పశువులకు చెప్పిన పదో వంతును మనం ఒక కొలతగా మాత్రమే వాడుకొంటే, 4,90,500 నుండి 5,99,500 వరకు న్యాయమైన బేరానికి చోటున్నది. అడిగిన ధర ఆ హద్దుకు బయట వున్నది.

ఈ హద్దు రెండువైపులా పనిచేస్తుంది. డబ్బు అవసరమై అమ్ముతున్నవాని నుండి మూడున్నర లక్షలకు లాగటం కూడా న్యాయం కాదు.

అమ్మేవాని బాధ్యత

వాగులో మునిగిన సంగతి, లివరు జారే సంగతి ముందుగా చెప్పిన యజమాని తన బండి విలువ తగ్గించుకొంటున్నాడని కొందరు అనుకొంటారు. నిజానికి ఆ లోపాల విలువ ఎప్పుడో తగ్గిపోయింది. అతడు చెప్పకపోతే ఆ నష్టం మరొకరి నెత్తిన పడుతుంది. చెప్పినవానికి మరొక లాభమున్నది: మిగిలిన భాగాలు బాగున్నవని అతడంటే నమ్ముతారు. పేరు మార్పు పూర్తయ్యేదాకా చూడటం కూడా అతనికే మంచిది. రిజిస్టరులో పేరున్నంతకాలం ప్రమాదంలో నష్టపరిహారపు బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

కొనేవారు చేయవలసిన పని ఇంతే: మొదట నాలుగు చక్రాలు పరీక్షించాలి, పిమ్మట ఛాసిస్, ఆపైన కాగితాలు, చివరికి ధర. ఈ వరుస తిరగబడి, ధర ముందు కుదిరిపోతే, ఆ తరువాత కనబడే ప్రతి లోపాన్నీ మనసు చిన్నదిగా చూపిస్తుంది.