క్యోటో నగరములో ఒక దినము

జపాను దేశములో క్యోటో అను పురాతన నగరము కలదు. క్రీ.శ. 794 మొదలు 1868 వరకు, వేయేండ్లకు పైగా, అది చక్రవర్తుల నివాసస్థానము. బౌద్ధాలయములు, షింటో గుళ్ళు అక్కడ వందల కొలది ఉన్నవి. యాత్రికులు వానిని చూచుటకే పోవుదురు. అయితే నేతపని యెరిగినవాడు ఒక్క దినము ఆ ఊర తిరిగినచో, గుళ్ళతోపాటు మన వృత్తికి సంబంధించిన సంగతులెన్నో కానవచ్చును.

ఉదయము రైలు దిగి ఉత్తరముగా కొద్ది దూరము నడిచిన హిగాషి హొంగాంజి ఆలయము వచ్చును. 1864లో ఇది అగ్నికి ఆహుతి కాగా, తిరిగి కట్టి 1895లో ముగించిరి. పెద్ద దూలములను ఎత్తునపుడు మామూలు మోకులు తెగిపోవుచుండెనట. అపుడు దేశమంతటి భక్తురాండ్రు తమ తలవెండ్రుకలు కోసి యిచ్చిరి. వానిని జనపనారతో కలిపి పురిపెట్టి 53 మోకులు పేనిరి. వానిలో ఒకటి, 69 మీటర్ల పొడవు, 375 కిలోల బరువు కలది, నేటికిని అక్కడ ప్రదర్శనలో ఉన్నది. పురి బలమెంతో యెరిగిన మన ఆడవారికి ఆ మోకు గొప్ప వేరే చెప్పనక్కరలేదు.

అక్కడినుండి తూర్పు కొండవైపు కియొమిజు ఆలయము. ఇప్పుడున్న ప్రధాన మందిరము 1633లో కట్టినది. కొండ అంచున సుమారు 13 మీటర్ల ఎత్తున నిలిచిన చెక్క వేదికను మేకులు వాడక, కుసులు బెజ్జములతోనే బిగించిరి. మగ్గము చట్రము బిగించు వడ్రంగి చూచి సంతోషింపదగిన పని.

మధ్యాహ్నము పడమటివైపున ఉజుమాస పేటకు పోవలెను. పూర్వము కొరియా దిక్కునుండి వలస వచ్చిన హత వంశీయులు పట్టుపురుగుల పెంపకమును, నేతను ఈ ప్రాంతమున నెలకొల్పిరి. కోర్యూజి అను బౌద్ధాలయము ఆ వంశపు పెద్ద కట్టించినదే. దానికి దగ్గరనే పట్టుపురుగుల గుడి అని పేరుపొందిన కోనోషిమ ఆలయము కలదు. వలసపోయిన చోటనే వృత్తిని, దేవతను నిలుపుకొన్నవారి కథ మనకు క్రొత్తది కాదు. షోలాపురములో మార్కండేయుని, సేలము ప్రాంతములో చౌడేశ్వరిని కొలుచు మనవారి కథయు ఇట్టిదే.

సాయంకాలమునకు నిషిజిన్ చేరవలెను. ఆ పేరునకు పడమటి శిబిరమని అర్థము. 1467 మొదలు 1477 వరకు జరిగిన అంతర్యుద్ధమున చెదరిపోయిన సాలెలు తిరిగివచ్చి, ఒక పక్షపు సేన దిగిన చోట మగ్గములు వేసికొనిరి. ఇచట నూలుకు ముందే రంగులద్ది, పిదప పడుగు పేకలతో బొమ్మ తీయుదురు. ఒక తరగతి నేతలో సాలె తన గోళ్ళనే రంపపు పండ్లవలె అరగదీసి, వానితో పేకను సర్దును. బొమ్మ చిక్కనిదైన ఒకనాటి పనికి గుడ్డ వేలెడైనను పెరుగదు.

చక్రవర్తి టోక్యోకు తరలిపోగా నిషిజిన్ సరుకుకు గిరాకి పడిపోయినది. చేతులు ముడుచుకొని కూర్చొనక, 1872లో ముగ్గురిని ఫ్రాన్సులోని లియోన్ నగరమునకు పంపిరి. సకుర, ఇనోవె అనువారు మరుసటి యేడు జాకార్డుతో తిరిగివచ్చిరి. మూడవవాడు యోషిద 1874లో తిరుగు ప్రయాణమున ఓడ మునిగి మరణించెను. ఒక్క యంత్రమునకు ఒక ప్రాణము వెలయైనది.

నేడు కిమోనో ధరించువారు తగ్గిరి; ఆ సందులలో మగ్గముల చప్పుడును తగ్గినది. అక్కడి పని ఒక ఇంట జరుగునది కాదు. నమూనా గీయువాడు, గళ్ళ కాగితముపై దించువాడు, అద్దకము చేయువాడు, పడుగు పోయువాడు, అచ్చు కట్టువాడు, నేయువాడు వేర్వేరు. వీరందరిని కూర్చువాడు మన ఆసామివంటి ఓరిమోతో. పనితనము పెరుగుటకు ఈ విభజనయే కారణము. ప్రమాదమును దానిలోనే ఉన్నది. నేయువాడున్నను నాడె చేయువాడు, పన్నె కట్టువాడు లేకున్న మగ్గము ఆగును. ఆ పనిముట్ల వారు అక్కడ మిక్కిలి తగ్గిపోయిరి.

ఇంకొక సంగతి. నిషిజిన్ సంఘము నడికట్టునకు ముద్రకాగితము అంటించును. దానిపై ఉత్పత్తిదారుని సంఖ్య ఉండును. ఎవరి సరుకో కొనువానికి తెలియును. మన దేశములో 2006 నుండి చేనేత ముద్ర కలదు. అది వాడని సంఘములు ఇకనైనను వాడవలెను.

ప్రతి సంఘమును తన పరిధిలో పన్నె కట్టువారు, అచ్చు కట్టువారు, నాడెలు చేయువారు ఎందరు కలరో, వారివద్ద నేర్చుకొను పిల్లలెందరో ఈ యేడే జాబితా వ్రాయించుట మంచిది. లెక్క చేతిలో ఉన్నపుడు వారికి కూలి పెంచుటయో, పిల్లలకు వేతనమిచ్చి నేర్పించుటయో సర్వసభ్య సమావేశమున తీర్మానింపవచ్చును. వారు పోయిన తరువాత చేయు తీర్మానమునకు ఫలముండదు.