ఎఱ్ఱచేపల గుర్తులు

ఎఱ్ఱచీరలు పదింటిని ఒక్కచో కుప్పవోసి తన చీరను తీసికొమ్మనిన, ఇల్లాలు రంగును చూడదు; అంచును చూచును. ఫ్లారిడా మొదలు కరిబియను దీవుల మీదుగా బ్రెజిలు వఱకు, అట్లాంటికు సముద్రపు పడమటి దరిని పగడపుదిబ్బలలో మసలు ఎఱ్ఱని చేపలను పోల్చుటయు నిట్టిదే.

అసలా యెఱుపు మెఱయుటకు గాదు, దాగుటకు. సూర్యకాంతిలోని యెఱుపును నీరు మొట్టమొదట హరించును. కావున లోతున ఎఱ్ఱచేప బూడిదవన్నెగాను, ఇంకను దిగిన నల్లగాను కనబడును. పగలు గుహలలో నొదిగి రాత్రి మేతకు వెడలు చేపలు పెక్కింటికి ఎఱుపును పెద్దకన్నులును ఇందుచేతనే యమరినవి.

అక్కడివారు ఉడుతచేప యనుదానికి మొప్పమూతకు ముందు, చెక్కిలి క్రిందిమూలను, పొడవైన ముల్లుండును. సిపాయిచేపకు అది లేదు. మొప్ప వెనుక నల్లని పట్టె యుండును. కార్డినలు చేప వ్రేలెడంత. దాని సంసారము విచిత్రము: ఆడుచేప పెట్టిన గ్రుడ్లను మగచేప నోట నుంచుకొని, పిల్లలగువఱకు మోయును. అంతవఱకు తండ్రిగారికి భోజనము సాగదు. ఈ సంగతి వ్రాయుట మాకు కొంత వేడుకగా నున్నదని యొప్పుకొందుము.

వంటింటికి వచ్చు చేపలలో గుర్తు తెలియవలసినది రెడ్ హైండు. తెల్లని మేనిపై ఎఱ్ఱని చుక్కలు, వెన్నురెక్క వెనుకభాగమునకును తోకకును నల్లని అంచు. రాక్ హైండునకును చుక్కలు గలవు గాని ఆ అంచు లేదు. వీపుమీదను తోకమొదటను నల్లని మచ్చలుండును. కోనీ యనునది ఒకప్పుడు ఎఱుపు, ఒకప్పుడు గోధుమవన్నె, ఒకప్పుడు పసుపు. కాని క్రిందిపెదవిపై రెండు, తోకమొదట రెండు నల్లచుక్కలు మాత్రము మాఱవు. చచ్చిన చేప రంగు వెలవెలబోవును గనుక, మేము రంగుకంటె ఈ గుర్తులనే నమ్మెదము. తోలొలిచి ముక్కలు చేసినపిమ్మట ఏ గుర్తును మిగులదు. చేపను నిండుగా చూచి కొనుటయే మేలు.

రెడ్ హైండు మొదట ఆడుది, పెరిగినపిమ్మట మగదగును. శీతకాలమున పున్నమి చేరువను ఇవి వేలకొలది ఒక్కచో గుమిగూడి గ్రుడ్లు పెట్టును. ఆ చోటెఱిగిన బెస్తలకు అది కొంగుబంగారము. సెంట్ థామస్ దీవికి దక్షిణమున నిట్లు పట్టగా పట్టగా పెద్దచేపలు తఱిగి, మగవి మిక్కిలి అరుదయ్యెను. 1990లో గ్రుడ్ల కాలమున అక్కడ వేటను నిషేధించిరి. 1999లో ఏడాది పొడవునను మాన్పించిరి. తరువాత చేపలు పరిమాణమునను సంఖ్యయందును పెరిగినవి. బుట్టలోనిది కోనీయో, గ్రుడ్లతోనున్న రెడ్ హైండో తెలిసిన యిల్లాలు బేరమాడకయే ముందుకు సాగగలదు.

ఇక ఎఱుపు తెలుపు చారలతో, విసనకఱ్ఱ వంటి రెక్కలతో సింహపుచేప యొకటి కలదు. ఇది మన హిందూమహాసముద్రమును, పసిఫిక్కును పుట్టిల్లుగా గలది. 1985లో మొదటిసారి ఫ్లారిడా యొద్ద కనబడి, ఆ సముద్రమంతట వ్యాపించి, చిన్నచేపలను మ్రింగుచున్నది. ముండ్లు తీసివేసినచో మాంసము తినదగినదే. కాని ముండ్లలో విషముండును. గ్రుచ్చుకొనినచో, ఒడలు కాలకుండ ఓర్వగలిగినంత వేడినీట ఆ చేతినుంచి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.