ఒకే బండిలో ప్రత్యర్థులు

రోబోల పోటీని చూడబోయినవారికి కనబడేది మూడు నిమిషాల ఆట. ఆసియా, పసిఫిక్ దేశాల ప్రసార సంస్థల సంఘం 2002లో టోక్యోలో మొదలుపెట్టిన రోబోకాన్ పోటీలో ఒక ఆటకు ఇచ్చే గడువు అంతే. ఆ కాస్త వ్యవధిలో యంత్రం బంతిని విసురుతుంది, లేదా వస్తువులను గడులలో పేర్చుతుంది. ఈల మ్రోగుతుంది. ఒక జట్టు గంతులు వేస్తుంది, మరొక జట్టు తల వంచుకొంటుంది. ఆ యంత్రం అక్కడికి ఎట్లా చేరినదని అడిగేవారు అరుదు. మన దేశపు జాతీయ పోటీలు చాలా ఏళ్లు పూణేలోను, ఇటీవల ఢిల్లీలోను జరిగినవి. విశాఖపట్నం నుండి పూణేకు రోడ్డు మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఢిల్లీకి విజయవాడ మీదుగా రైలులో 2,000 దాటుతుంది. ఆటస్థలంలో ఓడిపోవడానికి ముందే దారిలో ఓడిపోవడానికి ఇంతకంటె అనువైన పోటీ మరొకటి లేదనవచ్చు.

యంత్రం ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కరలేదు. కాని దాని వెంట పనిముట్ల పెట్టె, విడిభాగాలు, బ్యాటరీలు, వాటిని నింపే పరికరాలు, అభ్యాసానికి కావలసిన కొయ్య చట్రాలు అన్నీ కదలుతాయి. పెండ్లికూతురి కంటె సారె బరువు అన్నట్లుగా ఉంటుంది వ్యవహారం. రైలులో స్లీపరు తరగతి ప్రయాణికునికి ఉచితంగా అనుమతించే సామాను 40 కిలోలు. రుసుము చెల్లించి 80 వరకు తీసుకొనిపోవచ్చు. అయితే 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటిన పెట్టె పెట్టెలోకి రాకూడదు, బ్రేకు వానుకు పోవలసినదే. అక్కడ చోటు లేకపోతే తరువాతి బండికి ఆగవలసినదే. పిల్లలు మంగళవారం దిగుతారు, యంత్రం గురువారం దిగుతుంది; పోటీ మాత్రం బుధవారం.

ఈ చిక్కుకు భయపడి చాలామంది యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, తలా ఒక సంచిలో సర్దుకొని, బెర్తుల క్రింద దోపుకొని పోతారు. అక్కడ మళ్లీ బిగించేటప్పటికి ఒక రాత్రి గడుస్తుంది. విప్పని యంత్రానికి ఉన్న స్థిరత్వం విప్పి బిగించినదానికి ఉండదని ప్రతి కమ్మరికీ తెలుసు.

విమానం ఇంకొక తీరు. అక్కడ చిక్కంతా బ్యాటరీతోనే. లిథియం బ్యాటరీ శక్తి 100 వాట్-గంటల లోపు ఉంటే చేతి సంచిలో తీసుకొనిపోవచ్చు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావలెను. ఆపైన ప్రయాణికునితో రానే రాదు. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు: 22.2 వోల్టుల బ్యాటరీ 5 ఆంపియర్-గంటలదైతే, రెంటి గుణకారం 111. అంటే అది హద్దు దాటినట్లే. భౌతికశాస్త్రపు పాఠంలో విద్యుదావేశాన్ని వోల్టేజితో ఎందుకు గుణిస్తారని అడిగే పిల్లవానికి విమానాశ్రయపు బల్ల దగ్గర దొరికే జవాబు ఇది.

ఇక మిగిలినది లారీ. లారీ కిరాయికి ఒక గుణం ఉన్నది. అది ముఖ్యంగా దారిని లెక్కిస్తుంది. లోపల ఒక యంత్రం ఉన్నదా, ఆరు ఉన్నవా అనేది దానికి పెద్దగా పట్టదు. ఒక బడి మాత్రమే భరించవలసి వస్తే దుర్భరమయ్యే మొత్తం ఆరు బడులు పంచుకొంటే భరించదగినది అవుతుంది. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఎంపికైన పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి ప్రయోగశాలలు పెట్టించింది. ప్రయోగశాల వచ్చిన చోట పోటీకి పోవాలనే కోరిక కూడా వస్తుంది. ఆ కోరిక ఉక్కునగరంలోని బడిలోను పుడుతుంది, జాలారిపేట పిల్లలు చదివే బడిలోను పుడుతుంది. ఎవరు పోగలరో, ఎవరు ఆగిపోతారో తేల్చేది తెలివి కాక కిరాయి కావడం ఏ ఉపాధ్యాయునికీ ఇష్టం కాదు. పోటీకి పోయే జట్లు ఒకే బండి కట్టుకోవాలనే ఆలోచనకు బలం ఇక్కడే ఉన్నది.

ఈ విద్య విశాఖపట్నానికి కొత్తది కాదు. 1933 అక్టోబరు 7న సింధియా వారి జలదుర్గ అనే ఓడ లోనికి వచ్చినప్పటి నుండి ఈ రేవు సరకును కలపడం, విడదీయడం చూస్తూనే ఉన్నది. మాంగనీసు ఖనిజం, ఇనుప ఖనిజం వంటి వాటికి కలపవలసిన పని లేదు. ఒక్కరి సరకే ఓడను నింపుతుంది. చిల్లర సరకుల సంగతి వేరు. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ రవాణా వ్యాపారి ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 అల్యూమినియం పెట్టెలను న్యూఆర్క్ నుండి హ్యూస్టన్‌కు పంపినాడు. అప్పటి నుండి బస్తాలకు బదులు పెట్టెలు సముద్రం దాటసాగినవి. మన రేవులో ఆ పెట్టెలకై ప్రత్యేక స్థావరం 2003 నుండి పని చేస్తున్నది. ఇరవై అడుగుల పెట్టెలో సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. చిన్న వ్యాపారికి అంత సరకు ఉండదు గనుక పదిమంది సరకును ఒకచోట చేర్చి ఒక పెట్టెను నింపే మధ్యవర్తి ఉంటాడు. ఆ వృత్తిలోని నియమాలు రెండు మన బడులకు అక్షరాలా పనికి వస్తాయి.

మొదటిది, కిరాయి పంపకం. ఓడ సరకులో కిరాయిని బరువుకు కట్టాలా, పరిమాణానికి కట్టాలా అనే తగవు చాలా పాతది. దానికి వర్తకులు కనిపెట్టిన పరిష్కారం సులభమైనది: ఒక టన్నును ఒక ఘనపు మీటరుకు సమానంగా ఎంచి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి కడతారు. రోబో తేలిక, కాని చేతులు చాచుకొని చోటంతా తానే ఆక్రమిస్తుంది. కాబట్టి దాని కిరాయి పరిమాణాన్ని బట్టి ఉండాలి. బడికి ఒక వాటా అని సమంగా పంచితే చూడడానికి న్యాయంగానే ఉంటుంది గాని, పద్దెనిమిది అంగుళాల ఘనంలో ఇమిడే చిన్న యంత్రాన్ని తెచ్చిన బడి మనిషంత ఎత్తు యంత్రాన్ని తెచ్చిన బడికి కిరాయి కట్టినట్లవుతుంది. కొలవవలసినది యంత్రాన్ని కాదు, పెట్టెను. ఈ ఒక్క మాట ముందే అనుకొంటే పిల్లలు పెట్టెను కుదించడానికి పడే ప్రయాస చూడముచ్చటగా ఉంటుంది.

రెండవది కఠినమైనది. పదిమంది సరకు కలిసి ఉన్న పెట్టెలో ఒక్కరి కాగితం తప్పయినా పెట్టె అంతా సుంకం శాఖ వారి ఎదుట ఆగిపోవచ్చు. కలిసి పోవడంలో లాభం ఎంత ఉన్నదో, పరాధీనత కూడా అంతే ఉన్నది. ఒక జట్టు బ్యాటరీని సరిగా కట్టకపోతే కాలేది ఆ ఒక్క జట్టు పెట్టె కాదు. అందుచేత బ్యాటరీలను వేరుగా, కొసలకు పట్టీ చుట్టి, నిండా నింపకుండా, మంట తాకని సంచులలో పెట్టాలన్న నియమాన్ని అందరూ ఒప్పుకొన్న తరువాతనే లారీ మాట ఎత్తాలి. ఇందులో మొగమాటం పనికిరాదు.

మరి దారిలో నష్టం వస్తే? ఇక్కడ సముద్రపు వర్తకుల ధర్మం మహా రుచికరంగా ఉంటుంది. తుపానులో ఓడను తేలిక చేయడానికి ఎవరో ఒకరి సరకును నీటిలో పారవేస్తే, బ్రతికి బయటపడిన సరకుల యజమానులందరూ ఆ నష్టాన్ని పంచుకోవాలి. రోడ్సు దీవి పేర ప్రసిద్ధమైన ఈ న్యాయం 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన ధర్మ సంగ్రహంలో చేరినది. 19వ శతాబ్దంలో యార్కు, ఆంట్వర్ప్ నగరాల పేర నియమావళిగా ఏర్పడి నేటికీ నడుస్తున్నది. అయితే అందులో ఒక భేదం ఉన్నది. అందరి కోసం పోగొట్టుకొన్నదానినే అందరూ పంచుకొంటారు. సరకు తన లోపం వలన, తన కట్టుబడి చేతకానితనం వలన పాడైతే అది దాని యజమాని నష్టమే. లారీలో ఈ భేదాన్ని పిల్లలకు బోధించవచ్చు. వాన కురిసి, టార్పాలిను చాలక, ఒక పెట్టె మీది కప్పును తీసి మిగిలినవాటి మీద కప్పితే ఆ తడిసిన యంత్రానికి అందరూ బాధ్యులు. మేకు సరిగా దిగక చక్రం ఊడిపోతే బాధ్యత ఆ జట్టుది.

మన తీరానికి ఇట్టి ధర్మం పరాయిది కాదు. చీరాలకు దక్షిణాన ఉన్న మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం చదువరులకు తెలిసినదే. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును మునుపటి రాజులు తమ సొత్తుగా లాగుకొనేవారు. ఆయన ఆ ఆచారాన్ని మాని, నిర్ణీతమైన సుంకం మాత్రమే గ్రహిస్తానని వర్తకులకు మాట ఇచ్చినాడు. ఆపదలో ఉన్నవాని సరకు తనది కాదని రాజు రాతి మీద చెక్కించవలసి వచ్చినదంటే, చెక్కించని చోట్ల ఏమి జరిగేదో ఊహించుకోవచ్చు.

సరిహద్దులు దాటేటప్పుడు నేటికీ ఇదే బెడద. 2017 జూలైలో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యార్థి రోబోల పోటీకి అఫ్ఘానిస్థాన్ లోని హెరాత్ నుండి బాలికల జట్టు ఒకటి బయలుదేరినది. యంత్ర సామగ్రి నెలల తరబడి తనిఖీలలో చిక్కుకొని, చేతికి అందేసరికి సుమారు రెండు వారాలే మిగిలినవి. ఆ పిల్లలకు ప్రవేశానుమతి రెండుమార్లు నిరాకరించి, చివరి గడియలో ఇచ్చినారు. అదే పోటీలో ఇరాన్ జట్టుకు ఆంక్షల కారణంగా సామగ్రి పోలేదు. వర్జీనియాలోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు వారి కోసం యంత్రాన్ని తామే తయారు చేసిపెట్టినారు. ప్రత్యర్థి యంత్రాన్ని మోయడమే గొప్ప అనుకొంటే, వీరు కట్టి ఇచ్చినారు.

కాగితాల చిక్కుకు మందు లేకపోలేదు. తాత్కాలికంగా దేశం దాటి, తిరిగి వచ్చే వస్తువులకు సుంకం లేకుండా కార్నే అనే పత్రం మీద పోయే ఏర్పాటు 1961 నాటి ఒడంబడికతో వచ్చినది. మన దేశంలో దానిని వర్తక మండలుల సమాఖ్య, అంటే ఫిక్కీ, జారీ చేస్తుంది. దానిలో ప్రతి వస్తువునూ వ్రాయాలి. వ్రాసినదంతా తిరిగి రావాలి. కొయ్య పెట్టె కట్టినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కొయ్యలోని పురుగు దేశం దాటకుండా, దాని గర్భం వరకు 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు తగిలించి ముద్ర వేయించవలెను. ముద్ర లేని పెట్టెలో ఎంత గొప్ప యంత్రం ఉన్నా లాభం లేదు.

ఇక అసలు తగవు. లారీ ఎప్పుడు కదలాలి? డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ 1992 నుండి అమెరికాలో పాఠశాలల పోటీలు నడుపుతున్నది. అక్కడ చాలాకాలం ఆరువారాలకు పని ఆపాలన్న కట్టుబాటు ఉండేది. గడువు దినాన యంత్రాలను కొయ్య పెట్టెలలో పెట్టి పంపించివేసేవారు. తరువాతి కాలంలో సంచిలో మూసి ముద్ర వేసి బడిలోనే ఉంచేవారు. 2020 నుండి ఆ కట్టుబాటును తీసివేసినారు. తీసివేసినందుకు సంతోషించినవారే ఎక్కువ. కాని కలిసి ప్రయాణం చేసేవారికి గడువు దినం ఒక వరం. అది లేకపోతే ప్రతి జట్టుకూ ఇంకొక్క రాత్రి కావలెను. ప్రోగ్రాము వ్రాసే పిల్లవాడు ఏనాడైనా ఇక చాలునన్నాడా? ఒకరి కోసం ఆరు గంటలు ఆగిన లారీ మిగిలిన అయిదు జట్ల అభ్యాసపు సమయాన్ని తిన్నట్లే. నా మట్టుకు లారీ ఆగకూడదనే అంటాను. ఆ మాట అమలు చేయడానికి ఒక్క ఉపాధ్యాయుడు ఉండాలి, అందులోనూ గెలిచే ఆశ ఎక్కువగా ఉన్న జట్టువాడు కాకూడదు. జాబితా ఆయన చేతిలో, తాళం ఆయన జేబులో ఉండాలి. ప్రత్యర్థులు తమ యంత్రాన్ని చూచి ఉపాయం గ్రహిస్తారని శంకించే జట్లకు ముద్ర వేసిన కప్పు ఒకటి చాలును.

పోయేటప్పుడు ఉన్న శ్రద్ధ వచ్చేటప్పుడు ఉండదు. పోటీ ముగిసిన రాత్రి పిల్లలు అలసి ఉంటారు. ఓడినవారికి పెట్టెను చూడబుద్ధి కాదు, గెలిచినవారికి చూసే తీరిక లేదు. మేకులు లేకుండా మూసిన మూతలు, మరచిపోయిన పనిముట్లు ఆ రాత్రే పుడతాయి. ఎక్కించే వరుస మాత్రం కొత్తగా ఆలోచించవలసిన పని లేదు. పూణేకు పోయే లారీ భీమునిపట్నంలో మొదటి పెట్టెను ఎక్కించుకొని, మధురవాడ, ఊరు, గాజువాక మీదుగా వచ్చి, కూర్మన్నపాలెంలో ఉక్కునగరం పెట్టెతో తలుపు మూసుకొంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అనకాపల్లి దాటిన తరువాత ముందుగా తగిలేది కూర్మన్నపాలెమే. కనుక పూణేలోనూ భీమిలి పెట్టెనే అందరికంటె ముందు లోపలికి తోసి, ఉక్కునగరం పెట్టెను తలుపు దగ్గర ఉంచవలెను.