క్లోవ్‌హారు: నాలుగు కిటికీల దీవి

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి తూర్పుగా యాభై కిలోమీటర్లు వెళ్తే పోర్వో అనే పాత పట్టణం వస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి, తీరం దాకా పోయి, బల్లకట్టు మీద నీళ్లు దాటితే పెల్లింకి దీవులు. అవి కూడా దాటాక, నడిసముద్రం వైపు చిట్టచివర మిగిలే రాతిదిబ్బ క్లోవ్‌హారు. ఎకరంన్నరకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గ్రానైట్, గడ్డి, గాలి, మధ్యలో ఒక మడుగు. బండ మీద ఒంటిగది ఇల్లు. ఏ దిక్కున తుపాను లేచినా కనిపించేలా నాలుగు వైపులా నాలుగు కిటికీలు. కరెంటు లేదు, కుళాయి లేదు.

యాభైకి పైగా భాషల్లోకి వెళ్లిన మూమిన్ కథలు రాసి, బొమ్మలు గీసిన తూవె యాన్సన్ పాతిక పైచిలుకు వేసవులు ఈ దీవి మీదే గడిపారు.

మూమిన్‌లను చూడనివాళ్ల కోసం: తెల్లగా, బొద్దుగా, నీటిగుర్రం మూతితో ఉండే చిన్న జీవులు. ఒక లోయలో ఉంటారు. అమ్మ చేతిసంచి వదలదు, నాన్న స్వీయచరిత్ర రాసుకుంటూ ఉంటాడు, ఇంటికి ఎవరొచ్చినా ఒక పళ్లెం, ఒక పడక అదనంగా వేస్తారు. మనకు రాత ఒకరిది, గీత ఒకరిది అయితే బాపు-రమణల జంట గుర్తొస్తుంది. రెండూ ఒకే చేతికి పట్టుబడిన అడివి బాపిరాజు లాంటివాళ్లు అరుదు. యాన్సన్ ఆ అరుదైన కోవ మనిషి. పైగా తాను ముందు చిత్రకారిణిననీ, రచయిత్రిగా తర్వాతేననీ అనుకునేవారు. లోకం మాత్రం ఆ వరస తిరగేసింది.

1914లో హెల్సింకిలో పుట్టారు. తండ్రి విక్టర్ శిల్పి. తల్లి సిగ్నె స్వీడన్ నుంచి వచ్చిన చిత్రకారిణి. ఫిన్లాండ్ తపాలా బిళ్లలకు బొమ్మలు గీసి ఇల్లు గడిపింది ఆమే. ఇంట్లో మాట్లాడేది స్వీడిష్, అంటే ఫిన్లాండ్‌లో కొద్దిమంది భాష. ‘గార్మ్’ అనే వ్యంగ్య పత్రికకు తల్లి బొమ్మలు వేసేవారు. పదిహేనేళ్లకే కూతురూ అందులో చేరింది. 1938లో, మ్యూనిక్ ఒప్పందం జరిగిన ఏడాది, హిట్లర్‌ను కేకుల కోసం మారాం చేస్తున్న పసివాడిగా ఆ పత్రిక ముఖచిత్రం మీద గీశారు. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అలాంటి బొమ్మను నలుగురికీ కనిపించేలా వేయడానికి గుండె ధైర్యం కావాలి. యుద్ధకాలంలో ఆ పత్రిక బొమ్మల్లో సంతకం పక్కన ఒక పొడుగు ముక్కు జీవి కనిపించడం మొదలైంది. దాని తొలి రూపం వేసవి మకాంలో మరుగుదొడ్డి గోడ మీద పుట్టింది. తత్వవేత్త కాంట్ గురించి ఒక తమ్ముడితో వాదులాడి ఓడిపోయి, ఉక్రోషంతో తను ఊహించగలిగినంత వికారంగా గీసిన బొమ్మ అది.

యుద్ధం మొదలైన చలికాలంలో ఆ జీవి చుట్టూ కథ అల్లడం ప్రారంభించారు. 1945లో పల్చటి పుస్తకంగా వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తప్పిపోయిన నాన్న కోసం వరదలో అమ్మా కొడుకూ వెతకడం దాని కథ. మరుసటి ఏడాది పుస్తకంలో తోకచుక్క భూమి మీదికి వస్తుంది. బాంబుల కింద బతికిన ఊళ్లో రాసినవి కాబట్టి వీటిని ముచ్చటైన పిల్లల కథలని చేతులు దులుపుకోవడం అన్యాయం. 1948 నాటి ‘మాంత్రికుడి టోపీ’తో పేరొచ్చింది. (పేర్లు ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం, మూలం స్వీడిష్.)

లండన్ సాయంకాల పత్రిక ‘ఈవినింగ్ న్యూస్’ ఏడేళ్ల ఒప్పందం రాయించుకుంది. 1954 నుంచి వారానికి ఆరు బొమ్మల కథలు. డబ్బు చింత తీరింది, కుంచె మూలపడింది. నూనెరంగులకు తీరిక లేదు. మూమిన్ బొమ్మలు, కప్పులు, ఉత్తరాలు ఇంటి మీద పడ్డాయి. ఏటా రెండు వేల దాకా వచ్చే ఉత్తరాలకు ఆమె చేతిరాతతోనే జవాబిచ్చేవారు. చివరికి విసిగి, ఒప్పందం గడువు తీరగానే తప్పుకుంటే మరో తమ్ముడు లార్స్ ఆ పని అందుకుని 1975 దాకా గీశారు.

క్లోవ్‌హారు కథ ఈ విసుగులోంచే మొదలవుతుంది. నిజానికి ఆమె మనసు పడ్డది కుమ్మెల్‌షేర్ అనే మరో దీవి మీద. అక్కడ దీపస్తంభానికి కాపలాదారుగా ఉండాలన్నది చిన్ననాటి కల. మనుషులు మకాం పెడితే సాల్మన్ చేపలు బెదిరిపోతాయని జాలర్లు వద్దన్నారు. 1947లో లార్స్‌తో కలిసి బ్రెడ్‌షేర్ దీవిలో ఇల్లు కట్టుకుంటే, అక్కడికి బంధువులూ స్నేహితులూ రావడం మొదలై ఏకాంతం కరువైంది. ఎవరికీ అక్కర్లేని, ఎవరూ రాలేని రాయి కావాలి. అలా క్లోవ్‌హారు.

1964లో పని మొదలైంది. ప్లాను గీసింది వాస్తుశిల్పులు రైమా, రైలి పియెతిలా దంపతులు. కట్టింది బ్రున్‌స్ట్రోమ్ అనే స్థానికుడు. అనుమతి కాగితాల కోసం కూర్చోవద్దని ఆయన సలహా: కప్పు దూలం లేచిందంటే చట్టప్రకారం కూల్చడం కుదరదు. డైనమైట్ పెట్టి పెద్ద బండను పేల్చి, ఆ గుంతలో నేలమాళిగ, దాని మీద గది. కట్టేశాక ఆ గదిని పనికీ అతిథులకూ వదిలేసి, తూవె, ఆమె తోడు తూలిక్కి పియెతిలా బయట గుడారంలో పడుకునేవారు!

తూలిక్కి ముద్రణ చిత్రకళలో పేరున్న కళాకారిణి, రైమాకు సోదరి. 1955 క్రిస్మస్ వేడుకలో కలిశారు, బతికినంత కాలం విడిపోలేదు. స్త్రీల మధ్య ప్రేమ ఫిన్లాండ్‌లో 1971 దాకా నేరం. హెల్సింకిలో ఇద్దరి స్టూడియోలూ ఒకే భవన సముదాయంలో, అటక మీది నడవా దూరంలో ఉండేవి. దీవి మీద అంత జాగ్రత్త అక్కర్లేదు. వలలు వేశారు, కొట్టుకొచ్చిన దుంగలు కోసి పొయ్యిలోకి పేర్చుకున్నారు, ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరాతో ఒకరినొకరు చిత్రించుకున్నారు. వాళ్ల పడవ పేరు విక్టోరియా: ఇద్దరి తండ్రుల పేర్లలోనూ విక్టర్ ఉంది మరి.

ఈ రాయి ఆమె రాతను మార్చింది. 1965లో వచ్చిన ‘నాన్న, సముద్రం’లో మూమిన్ కుటుంబం లోయ వదిలి దీపస్తంభం ఉన్న ఒంటరి దీవికి వెళ్తుంది, అమ్మ బెంగతో గోడ మీద తోట గీసి అందులోకి దూరి దాక్కుంటుంది. పిల్లల పుస్తకంలో ఇంతకంటే దుఃఖంగా ఉన్న ఘట్టం నాకు తెలియదు. 1970లో తల్లి పోయారు. అదే ఏడాది వచ్చిన చివరి మూమిన్ నవలలో అసలు మూమిన్‌లే లేరు. ఖాళీ ఇంట్లో అతిథులు వాళ్ల కోసం ఎదురుచూస్తారు. తర్వాత ఆమె ఎక్కువగా పెద్దల కోసమే రాశారు. వాటిలో 1972 నాటి ‘వేసవి పుస్తకం’ అన్నిటికంటే పైన నిలుస్తుంది. దాని నేపథ్యం క్లోవ్‌హారు కాదు, పక్కనున్న బ్రెడ్‌షేర్.

వయసు డెబ్బై అయిదు దాటాక ఆమెకు సముద్రమంటే భయం పట్టుకుంది. 1990ల మొదట్లో ఇద్దరూ ఇంటిని స్థానిక సంఘానికి అప్పగించి వచ్చేశారు. 1996లో ఆమె మాటలు, తూలిక్కి చిత్రాలతో ఆ దీవి మీద ఒక పుస్తకం వచ్చింది. మధ్యలో, 1992లో, దేశాధ్యక్షుడి స్వాతంత్ర్య దినోత్సవ విందుకు ఇద్దరూ జంటగా వెళ్లారు.

నాంతాలి పట్టణంలో 1993 నుంచి మూమిన్ థీమ్ పార్కు ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడికే వెళ్తారు, తప్పేం లేదు. అయితే అక్కడ కనిపించేది ఆమె పేరు సంపాదించినది. ఆమె చేతిపని చూడాలంటే తంపెరే నగరంలోని మూమిన్ మ్యూజియంకు వెళ్లాలి. తూవె 1986లో ఇచ్చేసిన అసలు బొమ్మలూ, తూలిక్కి చేతుల మీదుగా తయారైన అయిదంతస్తుల మూమిన్ ఇల్లూ అక్కడున్నాయి. క్లోవ్‌హారులోకి సందర్శకులను వేసవిలో కొద్ది రోజులే రానిస్తారు, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. ఇంత దూరం ప్రయాణం కుదరనివాళ్లు 1957లో వచ్చిన మూమిన్ చలికాలపు నవలను ఇంగ్లీషులోనైనా తెచ్చుకుని చదవండి. తూలిక్కిని చూసి రాసిన టూ-టిక్కి పాత్ర అందులోనే మొదటిసారి వస్తుంది.