చవక పెన్నుల వేట

ఒకప్పుడు బడిపిల్లల చొక్కా జేబుల్లో సిరా కక్కిన పెన్నులను ఇప్పుడు వెతికి మరీ కొంటున్నారు. చిక్కల్లా వాటి చరిత్రను ఎవరూ రాసిపెట్టకపోవడమే

మోంట్ బ్లాంక్, పార్కర్ లాంటి ఖరీదైన పెన్నులు సేకరించేవారికి దారి సులభం. వాటికి కేటలాగులున్నాయి, వేలం పాటలున్నాయి, ఏ మోడల్ ఏ ఏడాది వచ్చిందో చెప్పే లావుపాటి పుస్తకాలున్నాయి. కానీ జూన్‌లో బడి తెరవగానే వీధి మూల కొట్లో కొని, మార్చి పరీక్షల దాకా రాస్తే అదే పదివేలనుకున్న పెన్నును సేకరించాలంటే? దానికి పెట్టె లేదు, గ్యారంటీ కార్డు లేదు. తయారుచేసినవారి చిరునామా కూడా చాలాసార్లు ఉండదు. క్లిప్పు మీద ఒక పేరు, పాళీ మీద 'ఇరీడియం పాయింట్' అనే రెండు మాటలు. ఆ రెండు మాటలు కూడా తరచూ నిజం కావు. చవక పాళీల్లో చాలావాటికి కొసన ఇరీడియం మాట దేవుడెరుగు, ఉక్కు రేకునే మడిచి గుండ్రంగా చేసేవారు.

అయినా ఈ పెన్నుల వెంట పడేవారు దేశంలో పెరుగుతున్నారు. వారి వేట ఎక్కువగా చిన్న పట్టణాల్లోని పాత స్టేషనరీ దుకాణాల్లో సాగుతుంది. బీరువా అడుగు అరలో, పాత క్యాలెండర్ల వెనక, దుమ్ముపట్టిన అట్టపెట్టెలో అమ్ముడుపోని డజను పెన్నులు దొరికితే ఆ రోజు పండగే. వాటి మీద ఇంకా సిరా చుక్క పడి ఉండదు. రబ్బరు బ్యాండు మాత్రం కరిగి క్యాప్‌కు అంటుకుని ఉంటుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల నడుమా అప్పుడప్పుడు ఇలాంటివి తగులుతాయి. అదే అబిడ్స్‌లో 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్ ఉంది కానీ, బడి పెన్నుల వేటగాళ్లకు పేరున్న దుకాణాల కంటే పేరులేని కొట్లే ముఖ్యం.

చవక పెన్ను అరుదుగా ఎందుకు మిగిలిందో తెలియాలంటే అది బతికిన తీరు గుర్తుచేసుకోవాలి. పలక నుంచి పెన్సిల్‌కు, నాలుగో అయిదో తరగతిలో పెన్సిల్ నుంచి పెన్నుకు మారడం ఒకప్పుడు ప్రమోషన్ కిందే లెక్క. ఆ తర్వాత రోజూ యుద్ధమే. రాయకపోతే నేల మీద విదిలించాలి. ముందు బెంచీవాడి తెల్ల చొక్కా మీద పడితే అది వేరే సంగతి. సిరా అయిపోతే పక్కవాడి దగ్గర చుక్కల లెక్కన అప్పు పుచ్చుకోవాలి. బెంచీ మీద చుక్కలు పోయించుకుని పాళీతో పీల్చుకోవడం అందరికీ రాని విద్య. పుస్తకం మీద సిరా ఒలికితే అద్దడానికి సుద్దముక్క ఉండనే ఉంది. పాళీ చీలిక పూడిపోతే సగం బ్లేడు దూర్చేవారు. మరల దగ్గర కారుతుంటే సబ్బు రాసేవారు. ఇన్ని వైద్యాలు చేయించుకున్న పెన్ను చివరికి బాణంలా నేలకు గుచ్చుకుని ప్రాణం వదిలేది. అలాంటిదాన్ని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు.

భారతీయ పెన్ను కథలో పెద్ద పేర్లు నమోదై ఉన్నాయి. వారణాసిలో రాధికానాథ్ సాహా 20వ శతాబ్దం మొదట్లోనే 'లక్ష్మి' స్టైలో పెన్నులు తయారుచేశారు. రాజమండ్రిలో కె.వి.రత్నం గాంధీజీ స్వదేశీ పిలుపు అందుకుని 1930ల తొలినాళ్లలో పెన్నుల తయారీకి దిగారు. ఆయన పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో రాసిన ఉత్తరం ఆంధ్రదేశంలో చాలామందికి తెలిసిన కథే. ముంబయిలో డి.పి.దండేకర్ 1931లో 'హార్స్ బ్రాండ్' సిరా పొడితో మొదలుపెట్టిన వ్యాపారమే తర్వాత కామ్లిన్ అయింది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రాజషాహీలో 1934లో మైత్రా సోదరులు పెట్టిన సులేఖ సిరా కోల్‌కతాకు మారి, 1980ల చివర మూతపడి, 2006లో మళ్లీ తెరుచుకుని, 2020లో ఫౌంటెన్ పెన్ సిరాలతో మార్కెట్లోకి వచ్చింది.

కానీ ఇవన్నీ గొప్పవాళ్ల కథలు. రాజమండ్రిలో లేత్ మీద చేత్తో చెక్కిన ఎబొనైట్ పెన్ను కలెక్టరు జేబులోకో, ప్లీడరు జేబులోకో వెళ్లేది. ఆ గుమాస్తా కొడుకు జేబులోకి వెళ్లిన అచ్చుపోత ప్లాస్టిక్ పెన్ను మాటేమిటి? కామ్లిన్, ఎయిర్‌మెయిల్ వారి వాలిటీ, విల్సన్ వంటివి పోగా లెక్కలేనన్ని పేర్లు కుటీర పరిశ్రమల్లో పుట్టి అక్కడే పోయాయి. ఒకచోట గొట్టాలు పోసేవారు, మరోచోట పాళీలు కొనేవారు, ఇంకోచోట క్లిప్పులు బిగించి పేరు కొట్టేవారు. అందుకే ఒకే అచ్చులోంచి వచ్చినట్లుండే పెన్ను వేర్వేరు పేర్లతో కనిపిస్తుంది. ఏది అసలు, ఏది నకలు అన్న ప్రశ్నకే ఇక్కడ అర్థం లేదు.

నకళ్ల సంగతి వస్తే హీరో గురించి చెప్పక తప్పదు. షాంఘైలో 1931లో మొదలైన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈ చైనా పెన్ను ఉపఖండంలో రెండు మూడు తరాల విద్యార్థుల కల. 616, 329 మోడళ్లు 1941లో అమెరికాలో వచ్చిన పార్కర్ 51ను చూసి చేసినవే. పాళీ మొత్తం గొట్టంలో దాగి కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఫిల్లర్ అక్కర్లేదు. లోపలి రేకును నొక్కి వదిలితే సిరా దానంతటదే ఎక్కుతుంది. బంగారు రంగు మూత సరేసరి. 1962 యుద్ధం తర్వాత చైనాతో సంబంధాలు ఎలా ఉన్నా, నేపాల్ మీదుగా వచ్చే హీరోలకు లోటు లేదు. మద్రాసు బర్మా బజారు నుంచి తెచ్చిన పెన్ను పదో తరగతి ఫస్టుక్లాసుకు బహుమతిగా చెల్లిపోయేది. విచిత్రమేమంటే, పార్కర్‌కు నకలైన 616కే తర్వాత బోలెడు నకళ్లు వచ్చాయి. ఇప్పుడు సేకర్తలు మూత మీద చెక్కిన అక్షరాలనూ, అది బిగుసుకునే తీరునూ పరీక్షించి 'అసలు నకలు' ఏదో తేల్చుకుంటున్నారు.

పాకిస్తాన్‌లో ఈ స్థానం కరాచీలో తయారయ్యే డాలర్ పెన్నులది. లోపలి సిరా కనిపించే డాలర్ 717 అక్కడి బడిపిల్లలకు ఎంత మామూలో, ఇక్కడి సేకర్తలకు అంత అపురూపం. ధర కంటే సరిహద్దు దాటించడమే కష్టం.

చవక పెన్నుకు అసలు శత్రువు వయసు. ఎబొనైట్ వెలుతురు తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది కానీ విరగదు. 1960ల తర్వాత వచ్చిన అచ్చుపోత ప్లాస్టిక్ అలా కాదు. క్యాప్ అంచునో, మెడ దగ్గరి మరల మీదో వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. అతికించినా నిలవదు. బట్టల బీరువాలో పెడితే ఇంకో ప్రమాదం: నాఫ్తలీన్ ఉండల ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడి అంటుకుపోతుంది. ఎండిన సిరా వదలాలని వేడినీళ్లలో వేస్తే గొట్టం వంకరపోతుంది. చన్నీళ్లలో ఓపిగ్గా నానబెట్టడమొక్కటే మార్గం. నీలినలుపు సిరాల్లో ఇనుము కలిసిన పాతరకాలు ఆమ్లగుణంతో మామూలు ఉక్కు పాళీలను తినేస్తాయి. అందుకే మూడు పెన్నులు కొని ఒకటి బాగుచేసుకోవడం ఇక్కడ రివాజు. ఒకదాని పాళీ, ఇంకోదాని నాలుక, మూడోదాని మూత. అలా తయారైనది సేకరణలో పెట్టదగ్గదేనా అన్నదాని మీద వాదోపవాదాలు తెగవు. ఫ్యాక్టరీల్లోనే అలా జతచేసినప్పుడు ఇంట్లో చేస్తే తప్పేమిటన్న వాదనలో బలముంది.

నింపి రాయాలనుకునేవారికి మరో సూక్ష్మం తెలియాలి. గొట్టం నిండా సిరా ఉన్నంతసేపు ఫిల్లర్ పెన్ను బుద్ధిగానే ఉంటుంది. సగం ఖాళీ అయ్యాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. పరీక్ష హాల్లో మూడో గంటలోనే జవాబుపత్రం మీద మరక పడడానికి కారణం దురదృష్టం కాదు, భౌతికశాస్త్రం.

బాల్ పెన్నుతో దస్తూరీ పాడవుతుందని ఉపాధ్యాయులు బెత్తం పట్టుకుని అడ్డుకున్నా, 1980ల్లో రెనాల్డ్స్ 045, తర్వాత జెల్ పెన్నులు వచ్చాక సిరా పెన్ను బడి నుంచి దాదాపు బయటికి నడిచింది. ఈమధ్య పారేసే ప్లాస్టిక్ మీద పెరిగిన పట్టింపుతో కొంత గాలి మళ్లింది. కేరళలో హరిత కేరళం మిషన్ పాఠశాలల్లో సిరా పెన్నులను ప్రోత్సహించింది. చవక సిరా పెన్నులు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. పిల్లవాడి చేతికివ్వడానికి కొత్తవి చాలు.

పాతవాటి సంగతే తేలాలి. ఆసక్తి పెరిగేకొద్దీ దళారులు దిగారు. అట్టపెట్టె మీద అయిదు రూపాయలున్న పెన్నుకు వందలు అడుగుతున్నారు. డజను పెట్టెను విడగొట్టి విడివిడిగా అమ్మితే లాభమెక్కువ. ఆ క్రమంలో పెట్టె పోతుంది, దాని మీది ఊరు పేరు పోతుంది, లోపలి ధరల చీటీ పోతుంది. నిజానికి పెన్ను కంటే ఆ చీటీయే అరుదు. ఏ పేరు ఏ ఊళ్లో పుట్టింది, ఏ ఏడాది ఎంతకు అమ్మారు, ఎన్నాళ్లు నడిచింది అన్నవి చెప్పగలిగినవారు ఇక ఆ కొట్ల యజమానులే. వారిలో చాలామంది డెబ్బై దాటారు. కొట్లు కొడుకుల చేతుల్లో సెల్‌ఫోన్ దుకాణాలవుతున్నాయి. కొందరు సేకర్తలు పెన్నుతోపాటు పాత బిల్లు పుస్తకాలను, హోల్‌సేల్ ధరల పట్టికలను కూడా అడిగి తెచ్చుకుంటున్నారు. ఇవ్వడానికి కొట్టువారికి అభ్యంతరమేమీ ఉండదు. చాలాచోట్ల వచ్చే జవాబు మాత్రం ఒకటే: మొన్న దసరాకు కొట్టు కడిగినప్పుడు పాత కాగితాల వాడికి వేసేశామని.